అర్జీలు చాలు, నిర్ణయాధికారం కావాలి

ప్రతి ఎన్నికల ముందూ మన వీధులకు ఒక ఊరేగింపు వస్తుంది. మస్జిద్ ప్రహరీకి రంగులు, షాదీఖానాకు శంకుస్థాపన, ఖబరస్తాన్‌కు గేటు. మనం దండలు వేస్తాం, శాలువాలు కప్పుతాం. తొలకరి పడగానే అదే వీధిలో మురుగునీరు గడప దాటి వంటింట్లోకి వస్తుంది. ఈ తంతును అభివృద్ధి అని పిలవడం ఇకనైనా మానాలని మేము విన్నవించుకుంటున్నాము.

మేము జీవితకాలమంతా ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాలు మోసిన వాళ్లం. అర్జీ ప్రయాణం ఎలా సాగుతుందో మాకు తెలుసు. దానికి ఇన్‌వర్డ్ నంబరు పడుతుంది, నోట్ ఫైలులో ఒక పేరా చేరుతుంది, చివరకు ‘పరిశీలనలో ఉన్నది’ అన్న మాటతో బీరువా చేరుతుంది. ఒక పట్టణంలో (దాని పేరు ఇక్కడ అనవసరం) ఒక పేద వీధికి సిమెంటు కాలువ మంజూరైంది. కాలువ అడుగు ఇళ్ల తూముల కంటే ఎత్తున కట్టారు. నీరు కాలువలోకి పోవడానికి బదులు ఇళ్లలోకి మళ్లింది. బిల్లు పాసైంది, దస్త్రం మూసుకుంది. రోజూ ఆ నీళ్లు పారబోసే ఆడవాళ్లను ముందుగా ఒక్క మాట అడిగి ఉంటే ఆ డబ్బు మట్టిలో కలిసేది కాదు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ముస్లిములు గుర్తుంచుకోవలసిన చేదు నిజం ఒకటి ఉంది. 2011 జనగణన ప్రకారం ఈ రెండు జిల్లాలలోనూ మన సంఖ్య నూటికి ఒకరు కూడా లేదు. 2006 నవంబరులో సచార్ కమిటీ నివేదిక వచ్చాక, 2008-09లో అల్పసంఖ్యాకులు అధికంగా ఉన్న జిల్లాల కోసం బహుళరంగ అభివృద్ధి కార్యక్రమం మొదలైంది. 2018లో దానినే ప్రధానమంత్రి జన్ వికాస్ కార్యక్రమ్‌గా మార్చి, పట్టణాలకు 25 శాతం అల్పసంఖ్యాక జనాభా అన్న కొలబద్ద పెట్టారు. ఆ కొలబద్దకు మన పట్టణాలు ఆమడ దూరంలో ఉన్నాయి. అల్పసంఖ్యాకులలోనే అత్యల్పులమైన మనం పెద్ద సంఖ్యల కోసం రూపొందిన పథకాల వైపు చూస్తూ కూర్చుంటే తరాలు గడిచిపోతాయి.

మరి మన వాటా ఎక్కడుంది? అందరి డబ్బులోనే ఉంది. మనం కట్టే ఇంటిపన్నులో, నీటి పన్నులో, ఆర్థిక సంఘం గ్రాంటులో ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు పది లక్షల లోపు జనాభా గల పట్టణాలకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, చెత్త నిర్వహణ వంటి పనులకు ముడిపెట్టింది. మిగిలిన 40 శాతం స్థానిక అవసరాలకు వదిలింది. ఆ స్థానిక అవసరం ఏమిటో ఎవరు చెప్పాలి? ఎవరి గడపలోకి నీళ్లు వస్తున్నాయో వారు చెప్పాలి.

ఇది గాలిలో మేడ కాదు. 1967లోనే హైదరాబాదు నగరపాలక సంస్థ పట్టణ సామాజికాభివృద్ధి పథకం ఆరంభించి, బస్తీవాసుల సంఘాలతో కలిసి పనిచేసింది. 1988లో విశాఖపట్నం మురికివాడల అభివృద్ధి పథకం ఆ బాటలోనే నడిచింది. 2000 తరువాత లక్ష దాటిన మన పట్టణాలలో పేదరికాన్నీ, వసతుల లేమినీ ఒకే పట్టికలో కొలిచి, రెండూ ఎక్కువగా ఉన్న వాడలకు ముందుగా ఖర్చుపెట్టే పద్ధతి వచ్చింది. ఈ పథకాలకు బ్రిటన్ సహాయం తోడైంది. ఆ సహాయం ఆగాక ఆ పద్ధతి మన పురపాలనకు అలవాటుగా నిలవలేదు. దాతలు ఉన్నంత కాలమే ప్రజలను సంప్రదిస్తే దానిని హక్కు అనలేము. కేరళ 1996లో ప్రజా ప్రణాళిక చేపట్టి, రాష్ట్ర ప్రణాళిక నిధులలో మూడో వంతుకు మించిన భాగాన్ని స్థానిక సంస్థల చేతికిచ్చింది. అక్కడ సాధ్యమైనది మన దగ్గర ఎందుకు కాకూడదు?

చట్టం లేదనడానికి వీలులేదు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది. మురికివాడల అభివృద్ధి దాని పన్నెండవ షెడ్యూలులో ఉంది. వార్డు కమిటీలకూ, ఏరియా సభలకూ మన రాష్ట్ర పురపాలక చట్టాలు 2008లోనే చోటిచ్చాయి. మీ వీధిలో ఏరియా సభ జరిగిందా? మీ ఇంట్లో ఎవరైనా పిలుపు అందుకున్నారా? 2021 మార్చి పుర ఎన్నికలలో విజయనగరం ఓటు వేసింది. శ్రీకాకుళానికి ఆ అవకాశమే రాలేదు. ఎన్నికైన పాలకవర్గం లేని నగరంలో పనుల జాబితా ఎవరి బల్ల మీద తయారవుతుందో వేరే చెప్పాలా?

‘జనానికేం తెలుసు, ఇంజనీరుకు తెలుస్తుంది’ అంటారు. కాలువ ఎలా కట్టాలో ఇంజనీరుకు తెలుసు. ఎక్కడ కావాలో వాడవాసికి తెలుసు. ‘జనాన్ని కూర్చోబెడితే తగాదాలవుతాయి’ అంటారు. బహిరంగంగా జరిగే తగాదా కంటే గుట్టుగా జరిగే పంపకం వేయి రెట్లు చెడ్డది.

మనలో మనం అనుకోవలసిన మాట కూడా ఉంది. మస్జిద్ కమిటీలోని నలుగురు పెద్దలు నాయకుని ఇంటికి వెళ్లి వస్తే జమాఅత్ అంతా మాట్లాడినట్లు కాదు. షూరా మన దీన్ నేర్పిన పద్ధతి. అందులో స్త్రీల మాట లేకపోతే సగం వాడ మూగదైనట్లే. అలాగే, ఈ పోరాటం మన ఒక్కరిదీ కాదు. శ్రీకాకుళం జామియా మస్జిద్ 1641 నాటిది. విజయనగరం బాబామెట్ట దర్గాకు అన్ని మతాల వారూ వస్తారు. ఈ నేల మీద మనం పొరుగు వారితో కలిసే బతికాం. మురుగు కాలువ ఎవరి మతాన్నీ అడగదు. మన పక్క వీధి దళితులతో, మత్స్యకారులతో, చేనేత కుటుంబాలతో ఒకే జాబితా రాసుకుంటే మన ఒక శాతం వాడకు సగమవుతుంది.

కనుక మా కోరికలు నాలుగు. ప్రతి ఏరియా సభనూ ఏడాదికి రెండుసార్లయినా జరపాలి. ముడిపెట్టని గ్రాంటులో ఒక నిర్ణీత భాగాన్ని వాడవాసుల తీర్మానం మేరకే ఖర్చుపెట్టాలి. పని పేరు, అంచనా, గుత్తేదారు వివరాలు తెలుగులో వీధి గోడ మీద రాయాలి. వాడలోని స్త్రీలు చూసి ఒప్పుకున్నాకే బిల్లు చెల్లించాలి.

వచ్చే జుమా తరువాత ఒక తెల్లకాగితం తీసుకోండి. పక్కింటి వారినీ, ఇంటి ఆడవాళ్లనూ కూర్చోబెట్టి మీ వాడకు అత్యవసరమైన మూడు పనులు రాయండి. వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. నెల దాటినా ఉలుకు పలుకు లేకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగండి. రసీదు ఉన్న కాగితాన్ని బీరువాలో దాచడం కష్టం. ఆ బీరువాల తాళాలు మోసిన వాళ్లం గనుక ఈ మాట చెబుతున్నాము.