ఉంగరం బిగిస్తే ఉపేక్ష తగదు

మన ఇళ్లలో ఉంగరం కేవలం ఆభరణం కాదు. పెళ్లినాటిది, గ్రహశాంతికి రాయి పొదిగించుకున్నది, పెద్దల గుర్తుగా మిగిలినది - వీటిని తీయడానికి మనసొప్పదు. అందుచేత ఎంత బిగుసుకున్నా ఏళ్ల తరబడి సహిస్తూ ఉంటాం. ఈ సహనం అనర్థదాయకం.

సరైన ఉంగరం వేలిమీద సులువుగా తిరగాలి. కణుపు వద్ద కాస్త అడ్డుపడినా బయటికి రావాలి. తిరగకపోయినా, ఇరుపక్కల కండ ఉబ్బినా, తీశాక లోతైన గాడి చాలాసేపు నిలిచినా, అడుగున చర్మం నాని దురద పెట్టినా అది బిగువని గ్రహించాలి.

అయితే దోషం ఎప్పుడూ ఉంగరానిదే కాదు. వాపును ఆయుర్వేదం శోథ అంటుంది. చరక సంహిత సూత్రస్థానంలో 18వ అధ్యాయం దీని వివరణకే కేటాయించబడింది. వేసవి వేడి, ఉప్పు అధికమైన ఆహారం వేళ్లను తాత్కాలికంగా ఉబ్బిస్తాయి. కీళ్లవాతం, థైరాయిడ్ లోపం, మూత్రపిండాల వ్యాధి కూడా కారణం కావచ్చు. గర్భిణికి చేతులు, ముఖం హఠాత్తుగా వాచి, తలనొప్పి, చూపు మసకబారడం తోడైతే ఆనాడే వైద్యుణ్ణి సంప్రదించాలి.

వేలికి గాయం లేకుంటే ఇంట్లోనే ప్రయత్నించవచ్చు. చేతిని గుండెకంటే ఎత్తున పది నిమిషాలు ఉంచి, చల్లని నీటిలో ముంచండి. కొబ్బరినూనె గాని సబ్బు నురుగు గాని రాసి, లాగక, మెల్లగా తిప్పుతూ జరపండి. అప్పటికీ రాకుంటే పట్టుదారం ఒక కొసను ఉంగరం కిందుగా అరచేతి వైపుకు దూర్చి, మిగిలినదాన్ని ఉంగరం అంచునుంచి కణుపు దాటేవరకు వరుసగా చుట్టండి. దూర్చిన కొసను పట్టి విప్పుతూ వస్తే ఉంగరం ముందుకు జరుగుతుంది.

వేలు నీలిబారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా గృహవైద్యం కట్టిపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ చిన్న రంపంతో ఉంగరాన్ని కోసి తీస్తారు. అపశకునమని సంకోచించకండి. తెగిన బంగారాన్ని కంసాలి అతుకుతాడు. రక్తప్రసారం ఆగి చచ్చిన వేలిని ఎవరూ బతికించలేరు. చేతికి దెబ్బ తగిలినా, తేలు, తేనెటీగ కుట్టినా వాపు రాకముందే ఉంగరాలు తీసేయడం వివేకం.

సాదా ఉంగరాన్ని కంసాలి కొంత సాగదీయగలడు. రాయి ఉన్నదానికి వెనుక కోసి బంగారు ముక్క అతకాలి. కొలత చలి ఉదయాన కాక, సాయంవేళ ఇవ్వండి. వెడల్పు ఉంగరానికి మరికొంత వదులు అవసరం. అలా సరిచేయించి తిరిగి ధరిస్తే ఆచారానికీ లోపం రాదు, ఆరోగ్యానికీ హాని రాదు.