పురుగుల ఫోటోలకి అంత ఖరీదైన లెన్సా?

ఖరీదైన మాక్రో లెన్స్ కొనడం దండగా కాదా అంటే నా జవాబు ముందే చెప్పేస్తాను. మాక్రో లెన్స్ కొనడం దండగ కాదు. వాటిల్లో అన్నిటికన్నా ఖరీదైనది కొనడం మాత్రం మాలాంటి ఇళ్ళలో చాలామందికి దండగే. ఈ రెండూ వేరు వేరు సంగతులు. ఇంట్లో మాట మొదలయ్యేసరికి రెండూ కలిసిపోయి, లెన్స్ సంగతి పక్కకి పోయి, "అయినా నీకెందుకిదంతా" దగ్గర తేలుతుంది. అందుకని విడదీసి రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. మామూలు లెన్సుతో పువ్వుకి మరీ దగ్గరగా వెళ్తే ఫోకస్ అవదు. మాక్రో లెన్స్ అయితే అవుతుంది. దాని మీద 1:1 అని రాసి ఉంటే, వస్తువు ఎంతుందో కెమెరా లోపలి సెన్సర్ మీద బొమ్మ కూడా అంతే పడుతుందని అర్థం. మా ఇంట్లో ఉన్న రకం కెనన్ కెమెరాలో ఆ సెన్సర్ వెడల్పు 22 మిల్లీమీటర్లు, ఎత్తు 15. అంటే రూపాయి బిళ్ళ కూడా పూర్తిగా పట్టదు. ఆవగింజంత గుడ్డు మాత్రం దర్జాగా కనిపిస్తుంది.

ఆవగింజంత గుడ్డుతో ఏం పని అంటే, మీ పెరట్లో కరివేపాకు చెట్టు ఉంటే ఓసారి లేత ఆకుల మీద చూడండి. కామన్ మార్మన్ అనే నల్ల సీతాకోకచిలుక అక్కడ గుడ్లు పెడుతుంది. పుట్టిన పురుగు కొన్నాళ్ళు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పిట్టలు తినకుండా. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారిపోతుంది. వేలితో ముడితే తల వెనకనుంచి ఎర్రగా రెండు కొమ్ముల్లాంటివి బయటికి తీసి కంపు కొడుతుంది! కంటితో చూస్తే ఇందులో సగం కూడా తెలీదు. జిల్లేడు మొక్క మీద చారల పురుగులదీ ఇంకో లోకం. పొద్దున్న ఇంట్లోవాళ్ళు వెళ్ళిపోయాక ఓ గంట డాబా మీద దీనితో గడిపితే, నాకు ఆ రోజంతా ఇంకోలా ఉంటుంది. ఇంతకన్నా కారణం చెప్పాలా?

చెప్పాల్సే వస్తుంది. నా చీటీ డబ్బులు వచ్చాయి, అందులోంచి లెన్స్ కొంటానన్నాను. అత్తయ్యగారు "పురుగుల ఫోటోలకా?" అన్నారు. ఆవిడది నిజమైన ఆశ్చర్యం, దానికి నాకు కోపం రాలేదు. మా బంధువొకాయన మాత్రం "ఆ డబ్బు తిరిగొచ్చే దారేమైనా ఉందా?" అని అడిగారు. పెళ్ళిళ్ళకి ఫోటోలు తీస్తే వస్తుందట. ఈయనే పోయినేడు మోటారుసైకిల్ మార్చి కొత్తది కొన్నారు. అది ఎప్పుడు తిరిగిస్తుందని ఆయన్ని ఎవరూ అడగలేదు, నాతో సహా. మగవాళ్ళ సరదా ఖర్చుకి 'అవసరం' అని పేరుంటుంది, ఆడవాళ్ళ సరదాకి ఆదాయం చూపించాలి. కుట్టుమిషనైతే పైసా ఖర్చులేని సలహాలతో సహా కొనిపెడతారు!

మావారిది ఇంకో పద్ధతి. "కొంటే మంచిదే కొను, ఆ ఎర్ర గీత ఉన్నదే తీసుకో, మళ్ళీ మళ్ళీ కొంటామా" అన్నారు. ప్రేమతోనే అన్నారు, కాదనను. కానీ అలా అన్నాక ఆలోచించే పని ఉండదు కదా. ఖరీదైనది కొనేస్తే సరిగ్గా కొన్నట్టే అని మనకో నమ్మకం, గ్రైండర్ల దగ్గర్నుంచి బళ్ళ దాకా. నాకైతే ఆ తేడా డబ్బుకి ఏమొస్తుందో తెలియాలి. షాపులో చెప్పిన రెండు ధరల మధ్య తేడా మా ఇంట్లో మూడు నెలల కిరాణా సరుకు.

కెనన్ వాళ్ళ 100 ఎంఎం మాక్రోల్లో నేను చూసినవి రెండు. (నికాన్ వాళ్ళు వీటినే 'మైక్రో' అంటారు, కంగారు పడకండి.) మామూలుది 2000లో వచ్చింది. ముందు భాగాన ఎర్ర గీతతో ఉండే 'ఎల్' రకం 2009లో వచ్చింది. రెండూ ఎఫ్2.8, రెండూ 1:1. బరువులో కూడా పెద్ద తేడా లేదు, 600 గ్రాములు, 625 గ్రాములు. ఎక్కువ ధరకి ముఖ్యంగా వచ్చేవి దుమ్మూ తడీ లోపలికి పోకుండా కట్టుదిట్టం, ఇంకా చెయ్యి వణికినా బొమ్మ చెదరకుండా చూసే స్టెబిలైజేషన్. షాపువాళ్ళు ఈ రెండోదాన్నే ఊరిస్తూ చెప్తారు.

కానీ ఆ కంపెనీ చెప్పిన లెక్కే చూడండి. మామూలు దూరంలో ఆ స్టెబిలైజేషన్ నాలుగు స్టాపుల సాయం చేస్తుంది, 1:1 దగ్గరికి వెళ్ళేసరికి రెండే. అంటే దేనికోసమైతే కొంటున్నామో అక్కడే దాని బలం తక్కువ. పైగా గాలికి ఊగే ఆకుని అది ఆపలేదు, మనం ఊపిరి పీలిస్తే ఒళ్ళు ముందుకీ వెనక్కీ కదలడాన్నీ ఆపలేదు. మాక్రోలో ఫోటో పాడయ్యేది ఎక్కువగా ఈ రెండింటివల్లే. 1:1 దగ్గర ఎఫ్8 పెట్టినా స్పష్టంగా వచ్చే మందం మాలాంటి కెమెరాలో సుమారు 0.6 మిల్లీమీటరు. ఈగ కన్ను స్పష్టంగా ఉంటే రెక్క మసక. పోనీ ఎఫ్11 పెడదామంటే వెలుతురు చాలదు.

వెలుతురే అసలు సమస్య. దానికి మందు లెన్సులో లేదు, ఫ్లాష్‌లో ఉంది. ఫ్లాష్ వెలిగి ఆరేది ఎంత తక్కువసేపంటే, ఆ కాస్తలో చెయ్యి వణుకు ఫోటోలో కనబడదు. ముందు పాలరంగు ప్లాస్టిక్ ముక్కో ట్రేసింగ్ పేపరో అడ్డం పెడితే వెలుగు మెత్తగా పడుతుంది. ఎర్ర గీత లెన్స్ పట్టుకుని ఫ్లాష్ లేకుండా తిరిగేవాళ్ళకన్నా, మామూలు లెన్సుకి ఫ్లాష్ జోడించినవాళ్ళకే పురుగుల ఫోటోలు బాగా వస్తాయని గట్టిగా చెప్తాను.

ఇంకా తక్కువలో కావాలంటే ఎక్స్‌టెన్షన్ ట్యూబులున్నాయి. వాటిలో అద్దాలేవీ ఉండవు, ఉత్త గొట్టాలు. కెమెరాకీ లెన్సుకీ మధ్య పెడితే దగ్గరగా ఫోకస్ అవుతుంది. 50 ఎంఎం లెన్సుకి 25 మిల్లీమీటర్ల ట్యూబు పెట్టారంటే, పురుగు సగం సైజు దాటి సెన్సర్ మీద పడుతుంది. ఈ సరదా మీకు నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి ఇవి చాలు. ఓ వర్షాకాలం వీటితో గడిపి, అప్పటికీ చెట్ల దగ్గరికి వెళ్ళబుద్ధేస్తుంటే అప్పుడు లెన్స్ చూడండి.

ఖరీదైనది ఎవరికి దండగ కాదంటారా? పసిపిల్లలవీ మనుషులవీ ఫోటోలు కూడా అదే లెన్సుతో చేతిలో పట్టుకుని తీసేవాళ్ళకి. చేతులు వణికే వయసు వచ్చినవాళ్ళకి. వానలో, అడవుల్లో తిరిగేవాళ్ళకి. నగలో చీరలో అమ్ముకోవడానికి ఫోటోలు తీసే ఆడవాళ్ళు ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. మీరైతే ట్రైపాడ్ మీద పెట్టి తీస్తారు కనక ఎర్ర గీతకి డబ్బు పెట్టకండి, ఆ డబ్బుతో రెండు మంచి దీపాలు కొనుక్కోండి.

ఇంకో సంగతి ఏ షాపువాడూ చెప్పడు. మరీ ఖరీదైన వస్తువు మన ఇళ్ళలో బీరువాలో పట్టుచీర అయి కూర్చుంటుంది. నాకు మట్టిలో మోకాళ్ళేసి, మోచేతులకి పేడ అంటినా పట్టించుకోకుండా వాడే లెన్స్ కావాలి. అందుకని పాత మామూలు 100 ఎంఎం, వాడినది, దానితోపాటు ఫ్లాష్ తీసుకుందామని నిర్ణయించాను. మిగిలిన డబ్బు నా పేరునే బ్యాంకులో ఉంటుంది. తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బు, తిరిగి సంపాదించి చూపించక్కర్లేని లెన్స్. మావారు "ఎర్ర గీత వద్దా?" అని రెండుసార్లు అడిగి ఊరుకున్నారు. అత్తయ్యగారు ఇంకా పురుగుల దగ్గరే ఉన్నారు.

వాడిన లెన్స్ కొనేవాళ్ళు ఒక్కటి తప్పకుండా చూసుకోండి. వెనకనుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి లోపలి అద్దాల మీద సాలెగూడు పోగుల్లాంటివి ఉన్నాయేమో చూడండి. అది ఫంగస్. సముద్రం పక్క ఊళ్ళలో ఉక్కకి తొందరగా పడుతుంది. ఎంత చవగ్గా ఇస్తానన్నా అది తీసుకోకండి. ఇంటికి తెచ్చాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి. కొందరు బియ్యంలో పెడితే చాలంటారు. వద్దు, ఆ పిండంతా లెన్సుకి పడుతుంది, బియ్యం వండుకోవడానికే ఉంచండి.