డోలు ఇంటికాడే ఎందుకు ఉండాలి?

తమ్ముడూ, చెల్లీ! దుమ్ముగూడెం, చర్ల, పాల్వంచ, ఇల్లందు నుంచి ఖమ్మం దాకా మిషన్ హాస్టల్లో చదివినోళ్లు మనలో చానామంది ఉన్నారు. డిసెంబరు దగ్గర పడిందంటే ఆ హాస్టళ్లు ఎట్లుంటాయో నీకు చెప్పక్కర్లేదు. సాయంత్రం స్టడీ అవర్ అయిపోగానే కీబోర్డు బయటికొస్తది, రిథమ్ ప్యాడ్ ప్లగ్గు పెడతారు, ఆడపిల్లలు ఒక వరస, మగపిల్లలు ఒక వరస. క్వయిర్‌లో చోటు దొరికినోడు ఆ నెలంతా హీరోనే.

నేనూ అట్లా నిలబడ్డోణ్నే. హాస్టలు పేరు ఎందుకులే. అబద్ధం చెప్పను, ఆ పాటలు నాకు ధైర్యమిచ్చినయ్. మా ఊళ్లో ఫారెస్టోళ్ల జీపు కనిపిస్తే చెట్టు చాటుకి పోయిన పిల్లోణ్ని, మూడొందల మంది ముందు మైకు పట్టుకున్నా. శ్రుతి అంటే ఏంటో, తాళం తప్పితే పక్కోడు ఎట్లా చూస్తాడో అక్కడే తెలిసింది. కాబట్టి ఇది చర్చిని తిట్టే రాత కాదు. అట్లాంటి రాత కోసం వచ్చినోళ్లకి వేరే పేజీలు బోలెడున్నాయి.

నా గొడవ వేరే. ఆదివారం ప్రార్థనలో ఒక్కోసారి పిల్లల చేత సాక్ష్యం చెప్పించేవాళ్లు. నాకు పదకొండేళ్లప్పుడు నా వంతు వచ్చింది. వార్డెన్ సారు కాగితం మీద రాసిచ్చిండు: మా అమ్మానాన్న చీకటిలో ఉన్నారు, రాళ్లకీ చెట్లకీ మొక్కుతారు, నాకు వెలుగు దొరికింది. నేను గడగడా చదివేసినా. అందరూ చప్పట్లు కొట్టిండ్రు. వేసవి సెలవులకి ఇంటికి పోతే విజ్జ పండుం. మా నాయన విత్తనాలు పట్టుకుని ఊరోళ్లతో నడుస్తుంటే నేను పది అడుగులు వెనక. ఎందుకు వెనకబడ్డవురా అని ఆయన అడగలేదు. అడిగితే బాగుండేది.

నా తరగతిలోనే డోలీల ఇంటి పిల్లోడు ఒకడుండేవాడు. డోలీలంటే ఎవరో తెలుసు కదా? మన కోయల గట్లూ గోత్రాలూ, ఇలవేల్పుల కథలూ పడిగె బట్ట విప్పి పాడేవాళ్లు. మనకి రాసిన చరిత్ర లేదంటారే, ఆ చరిత్ర వాళ్ల గొంతులో ఉంటది. ఆ పిల్లోడు రిథమ్ ప్యాడ్ మీద చెయ్యేస్తే మాస్టారే ఆగి చూసేవాడు. దేవుడిచ్చిన వరం అనేవాడు. కావచ్చు. కానీ ఆ వరం వాళ్ల తాత డోలు మీంచి దిగిందని ఎవరూ అనలేదు. వాడూ అనలేదు. సిగ్గుపడ్డాడు. డోలు కొట్టేది జాతరలో, కల్లు తాగి, అని మాకు నేర్పింది అదే కదా.

మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది, కంచుమేళం–డోలు కళకి. 2024లో ఆయన పోయిండు. రాష్ట్రపతి భవన్ దాకా పోయిన డోలు మన హాస్టల్ మ్యూజిక్ రూము గడప ఎందుకు దాటలేదు? ఏ సారైనా ఆయన్ని పిలిచి, తాతా, మా పిల్లలకి ఒక గంట నేర్పు అన్నాడా? నేను చదివిన చోట డోలు మాటే ఎత్తలేదు.

దీనికి క్రైస్తవమే అడ్డమా? కాదు, చరిత్రే చెప్తది. 1860 దశకం మొదట్లో గోదావరి మీద దుమ్ముగూడెం దగ్గర పనులు చేయించిన ఇంజనీరు హేగ్ కోయ మిషన్‌కి నాంది పలికిండు. ఆ తర్వాత వచ్చిన జాన్ కెయిన్ అనే పాదిరి మన మధ్యే ఏళ్ల తరబడి ఉండి, కోయ బాస నేర్చుకుని, దాని గురించి పత్రికలకి రాసి, లూకా సువార్తని కోయలోకి దించిండు. ఆయన మనల్ని చూసిన చూపులో దొరతనం లేదని నేననను. కానీ ఒక్క సంగతి గట్టిగా చెప్తా: తెల్లోడు నూట పాతికేళ్ల కిందటే కోయ బాసలో దేవుడి మాట చెప్పొచ్చు అనుకున్నాడు. మన పక్క జిల్లా నుంచొచ్చిన వార్డెన్ సారు మాత్రం డార్మిటరీలో కోయ మాట్లాడితే గోడ కుర్చీ వేయించిండు.

డోర్నకల్ సంగతి చూడు. అజరయ్య బిషప్ 1912లో బిషప్ అయ్యిండు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. 1939లో ప్రతిష్ఠించిన అక్కడి కెతెడ్రల్‌ చూస్తే గుమ్మటాలు మసీదులా, స్తంభాలు గుడిలా ఉంటయ్. ఇంగ్లీషు కీర్తనలే పాడాలని ఆయన పట్టుబట్టలేదు, తెలుగు పల్లెల బాణీల్ని ఆరాధనలోకి రానిచ్చిండు. అంతకు ముందే పురుషోత్తమ చౌదరి కర్ణాటక రాగాల్లో క్రైస్తవ కీర్తనలు రాసి ఉన్నాడు. అంటే రాగం వచ్చింది, పల్లె బాణీ వచ్చింది, గిటారూ డ్రమ్సూ వచ్చినయ్. అందరికీ తలుపు తీసిన చర్చిలో కోయ డోలుకీ కొమ్ముకీ మాత్రం సైతాను వాసన వచ్చిందా?

ఇంకో మాట. ఇది మిషన్ హాస్టళ్ల జబ్బే అనుకునేవు, ఆగు. మన ఐటీడీఏ ఆశ్రమ పాఠశాలల్లో పొద్దున్నే ఏ ప్రార్థన చదివించిండ్రో గుర్తు చేసుకో. వినాయక చవితికి చందా ఎవరు వసూలు చేసిండ్రు? మనల్ని వనవాసులని పిలిచే హాస్టళ్లలో పిల్లలకి ఏ భజనలు నేర్పుతున్నారు? అక్కడ కీబోర్డు బదులు హార్మోనియం, అంతే. ఇక్కడా అక్కడా కోయ పాట లేదు, కొండరెడ్డి పాట లేదు. 2011 లెక్కల్లో కోయ మా మాతృభాష అని రాయించుకున్నోళ్లు సుమారు 4 లక్షల మంది. రాజ్యాంగంలో 350ఏ అధికరణం ఉంది, ప్రాథమిక తరగతులు తల్లిబాసలో చెప్పాలని. మన పిల్లలకి ఆ బాసలో పాఠం సంగతి దేవుడెరుగు, జోలపాట కూడా హాస్టలు గేటు బయటే.

చట్టం సంగతి కూడా తెలుసుకో, రేపు ఎవరైనా అడిగితే నోరెళ్లబెట్టకుండా. 28వ అధికరణం ప్రకారం పూర్తిగా సర్కారు డబ్బుతో నడిచే బడిలో మతబోధే ఉండకూడదు. సర్కారు గుర్తింపో సాయమో ఉన్న బడిలో అయితే, పిల్లల్ని ఆరాధనకి రమ్మని బలవంతం చెయ్యకూడదు, మైనరైతే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. ఒప్పుకోవడమంటే జాయినింగ్ రోజున ఏం రాసుందో చదివి చెప్పకుండా అమ్మ వేలిముద్ర వేయించుకోవడం కాదు.

ఈ గొడవని పట్టుకుని, క్రైస్తవులైన ఆదివాసీల్ని ఎస్టీ జాబితాలోంచి తియ్యాలని తిరిగేవాళ్లు నీ దగ్గరికీ వస్తారు. వాళ్లకి నా రాత పనికిరాదు. ఎస్సీలకి మతం షరతు 1950 ఉత్తర్వులో ఉంది, ఎస్టీలకి లేదు. చర్చికి పోయే మన అన్న కోయోడే, ముత్యాలమ్మకి మొక్కే మన వదిన కోయదే. పోలవరం నీళ్లొచ్చినప్పుడు కూనవరం, వీఆర్‌పురం మండలాల్లో చర్చినీ వేల్పు గద్దెనీ విడివిడిగా ముంచుతదా?

అందుకని మనం చెయ్యాల్సింది హాస్టలు మూయించడం కాదు, వార్డెన్‌తో మాట్లాడ్డం. నీ తమ్ముడు, నీ చెల్లి ఇప్పుడు ఆ క్వయిర్‌లో ఉంటే, ఈ పేరెంట్స్ మీటింగుకి అమ్మానాన్నతో పాటు నువ్వూ పో. ప్రోగ్రాం లిస్టు అడుగు. అందులో కోయ పాట ఒక్కటీ లేకపోతే ఎందుకు లేదని అడుగు. సువార్త పాటే అయినా సరే, కోయలో పాడించండి అను. ఇంటి మొక్కుల్ని చీకటి అని చిన్నపిల్లల చేత అనిపించే కాగితాలు ఇక ఇవ్వొద్దని సూటిగా చెప్పు. కోపంగా కాదు, సూటిగా. సారు ఒప్పుకోకపోతే ఊరి పెద్దల్ని తీసుకుని మళ్లీ పో. ఇదే లిస్టు ఆశ్రమ పాఠశాల హెడ్మాస్టరు దగ్గరా అడగాలి, అక్కడైతే ఇంకా గట్టిగా, ఎందుకంటే అది మన డబ్బు.

నా క్లాస్‌మేట్, ఆ డోలీల పిల్లోడు, ఇప్పుడు పెళ్లిళ్లకి డీజే పెడుతున్నాడు. మొన్న ఫోన్ చేస్తే డోలు సంగతి అడిగినా. తాత పోయినంక అటక మీద పెట్టాం, తోలు చిరిగింది అన్నాడు. తోలు వేయిద్దాం, మేం చందాలేస్తాం అన్నా. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, వేయిస్తే నేర్చుకునే పిల్లలు ఎవరున్నారు అన్నాడు. నీ హాస్టల్లో ఎవరైనా ఉంటే కింద కామెంట్‌లో చెప్పు, వాడికి చూపిస్తా.