బండి ఆలస్యానికి రుసుము ఉన్నది, ముఠా నిరీక్షణకు లేదు

మిర్చి, పత్తి, సిమెంటు, సున్నం. పల్నాడు నుంచి బయటకు వెళ్లే సరుకులో ఈ నాలుగింటిదే పెద్ద వాటా. వీటి ధర పెరిగితే గిరాకీ అని వ్రాస్తాము, తగ్గితే సరుకు రాక ఎక్కువైనదని వ్రాస్తాము. బస్తాను నేల మీద నుంచి లేపి లారీలోకో వ్యాగన్‌లోకో చేర్చే మనిషి ఈ ధరలో ఏ మూల ఉన్నాడన్నది మాత్రం మార్కెట్ పేజీలో అరుదుగా కనిపించే విషయం. ఈ వారం దానినే తీసుకుంటున్నాము.

నడికుడి జంక్షన్ సంగతి పాఠకులకు విదితమే. గుంటూరు వైపు నల్లపాడు, తెలంగాణ వైపు పగిడిపల్లి, పడమరకు మాచర్ల శాఖ. మీటరు గేజి నాటి గుంటూరు–మాచర్ల బండి జ్ఞాపకం ఉన్నవారు ఇంకా ఉన్నారు. గుంటూరు–బీబీనగర్ మార్గంలో రెండవ లైనుకు కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో ఆమోదం తెలిపినది. 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి కొత్త లైను 2011–12లో మంజూరై, ముక్కలు ముక్కలుగా సాగుతున్నది. (పేరు నడికుడిది, పట్టాలు విడిపోయేది కొత్త పిడుగురాళ్ల వద్ద. పేరైనా దక్కినందుకు మనవారు సంతోషిస్తున్నారు.) రహదారి సంగతి కొంత మెరుగు, అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద లారీ ఆగేది టోలు గేటు వద్దనే.

ఒంటి లైను మార్గంలో గూడ్సు బండి ఎప్పుడు వస్తుందో చెప్పడం కష్టం. ఎదురు బండికి దారి ఇవ్వాలి, ప్రయాణికుల బండిని ముందు పోనివ్వాలి. సాయంత్రం వస్తుందన్న ఖాళీ రేక్ తెల్లవారుజామున రావచ్చును. వచ్చి నిలబడిన క్షణం నుంచి గడియారం మొదలవుతుంది. రైల్వే ఇచ్చే ఉచిత గడువు కొన్ని గంటలే. అది దాటితే వ్యాగన్‌కు గంటకు ఇంత అని డెమరేజి. సరుకు ప్లాట్‌ఫారం మీద మిగిలితే వార్‌ఫేజి వేరే.

ఒక లెక్క వేసి చూద్దాము. 40 వ్యాగన్ల రేక్, వ్యాగన్‌కు 60 టన్నులు అనుకుంటే మొత్తం 2,400 టన్నులు. 50 కిలోల సిమెంటు బస్తాలైతే 48 వేలు. చేతితో ఎత్తే షెడ్డులో 120 మంది ఉన్నారనుకుంటే మనిషికి 400 బస్తాలు, అనగా 20 టన్నులు. ఇదంతా ఆ కొన్ని గంటల గడువులో జరగాలి. 20 టన్నులను ఒక్కొక్క బస్తాగా వీపు మీదకు ఎత్తుకొని, పలక మీద నడిచి, లోపల వరుస పేర్చి, ఖాళీ చేతులతో వెనక్కు రావడం ఎట్లా ఉంటుందో బల్ల దగ్గర కూర్చుని ఈ కాలం వ్రాసే మా వంటివారికి తెలియదు.

ఇదైనా పని దొరికిన రోజు సంగతి. ముఠా కూలీకి అసలు నష్టం పని దొరకని గంటలలో ఉన్నది. సాయంత్రం బండి అంటే మధ్యాహ్నమే వచ్చి కూర్చోవాలి. అర్ధరాత్రి వరకు కూర్చున్నందుకు కూలి లేదు. మరునాటికి వాయిదా పడితే ఆ పూట పొలం పని కూడా పోయినట్లే. ఎత్తిన బస్తాకే డబ్బు. రైలు మార్గం ఇరుకైనందువల్ల కలిగే ఆలస్యంలో సరుకుదారు వాటాకు డెమరేజి అని పేరు, పట్టిక ఉన్నవి. కూలీ వాటాకు పేరు కూడా లేదు.

ఈ విలేఖరి ఒక ముఠా మేస్త్రీతో మాట్లాడాడు. అరవై దాటిన మనిషి, ఇప్పటికీ వంతు బస్తాలు ఎత్తుతాడు. వ్యాగన్ తలుపు దగ్గర పలక జారి తమ జట్టులో ఒకడు నడుము విరగ్గొట్టుకున్న సంగతి చెప్పాడు. ఖర్చు ఎవరు పెట్టుకున్నారని అడిగితే, “జట్టే పెట్టుకుంది అబ్బాయ్. రెండు నెలలు వాడి వంతు వాడికి పంపినాం. మూడో నెల మా వల్ల కాలేదు” అన్నాడు. కాంట్రాక్టరును అడగలేదా బాబాయ్ అంటే నవ్వి, “రేకు గంట నిలబడితే ఎన్ని ఫోన్లు వస్తాయో చూడు. మావాడు పడ్డప్పుడు ఒక్కటీ రాలేదు” అన్నాడు.

యజమాని ఎవరన్నదే ఇక్కడి చిక్కు. రైల్వేను అడిగితే సరుకుదారును చూపుతుంది. సరుకుదారు కాంట్రాక్టరును, కాంట్రాక్టరు మేస్త్రీని చూపుతారు. ఆ మేస్త్రీ వీపు మీద బస్తా ఉంటుంది. బి.కాం.లో మాకు నేర్పిన పద్దుల ప్రకారం జీతాలు ఒక చోట, హమాలీ ఖర్చులు మరొక చోట వ్రాస్తారు. రైలు కిరాయి, బండి బాడుగ, ఎగుమతి దిగుమతి ఖర్చులు వగైరాల సరసన హమాలీ కూర్చుంటుంది. పుస్తకంలో అది చిన్న విషయం. చట్టం ముందు మాత్రం దానిమీదనే అంతా ఆధారపడుతుంది. మస్టరు రోలులో పేరు ఉన్నవానికి లే ఆఫ్ పరిహారం, భవిష్య నిధి, గ్రాట్యుయిటీ వర్తించే వీలున్నది. ఖర్చుల పద్దులో ఉన్నవానికి వోచరు మాత్రమే మిగులుతుంది. దాచేపల్లి మండలం దుర్గాపురంలోని ఆంధ్రా సిమెంట్స్ దివాలా పరిష్కార ప్రక్రియ ద్వారా 2023లో సాగర్ సిమెంట్స్ చేతికి వచ్చినది. అటువంటి ప్రక్రియలో రోలు మీది కార్మికుడు తన బకాయికి క్లెయిము వేసుకొనగలడు. ఏ కర్మాగారం మూతపడినా, దాని గేటు వద్ద బతికే జట్టు మాత్రం ఏ కాగితం చూపి క్లెయిము వేస్తుంది?

చట్టం లేదని అనుకొనరాదు. మన రాష్ట్రంలో 1976లోనే ముఠా, జట్టు, హమాలీ తదితర శ్రామికుల ఉపాధి క్రమబద్ధీకరణ, సంక్షేమ చట్టం చేశారు. చట్టం పేరులోనే ముఠా, జట్టు అన్న మాటలు ఉన్నవి. అంత దగ్గరగా మన వీధి భాషలో పేరు పెట్టుకున్న చట్టం మరొకటి మాకు తోచదు. దీనిని అమలు చేయాలన్నది కూలీ సంఘాలు ఏళ్ల తరబడి వినతిపత్రాలలో వ్రాస్తున్న కోరిక. దాదాపు అర్ధ శతాబ్దం గడిచింది.

కాగా 2025 నవంబరు 21న కేంద్రం 29 కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కోడ్‌లను అమలులోకి తెచ్చింది. అందరికీ నియామక పత్రం, అందరికీ కనీస వేతనం అన్నది వాటిలో మెచ్చదగిన భాగం. మరొక వైపు కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు వర్తించే సంఖ్యను 20 నుంచి 50కి పెంచారు. కర్మాగారం అనిపించుకొనడానికి విద్యుత్తు వాడే చోట 10 మందికి బదులు 20 మంది, వాడని చోట 20కి బదులు 40 మంది కావాలి. పిడుగురాళ్ల సున్నపు బట్టీల వంటి చోట్ల కొద్దిమందితో పని నడుస్తుంది కాబట్టి ఈ అంకెలు మనకు కాగితం మీది అంకెలు కావు. ఇక ముఠా సంగతి: నియామక పత్రం ఇవ్వాలంటే ఇచ్చేవాడు ఉండాలి. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదైనంత మాత్రాన ఆ యజమాని దొరకడు.

యజమాని దొరకని చోట బోర్డును నిలబెట్టే పద్ధతి మనకు కొత్తది కాదు. 1948 నాటి డాక్ వర్కర్ల చట్టం క్రింద విశాఖపట్నంలో డాక్ లేబర్ బోర్డు పని చేసింది. ఓడ ఎప్పుడు వస్తుందో తెలియని రేవులో, హాజరైన కూలీకి పని లేకపోయినా హాజరు భత్యం ఇవ్వాలని ఆ స్కీములు నిర్దేశించాయి. పిలిపించి పని లేదని పంపితే ఇచ్చేదానికి ‘నిరాశ భత్యం’ అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. రేవులో ఓడకు, నడికుడి లైనులో రేక్‌కు ఈ విషయంలో తేడా ఏమున్నది? మహారాష్ట్ర 1969లో మాథాడి చట్టం తెచ్చి, సరుకుదారుల నుంచి కూలిని, దాని మీద లెవీని బోర్డు వసూలు చేసి కూలీకి చెల్లించే ఏర్పాటు చేసింది. భవిష్య నిధి, వైద్యం ఆ లెవీ నుంచే.

బోర్డు అనగానే మన వర్తకులు కేరళను చూపుతారు. ఆ భయం ఊరకే పుట్టలేదు. అక్కడ 1978 చట్టం ఉన్నప్పటికీ, ఎత్తని బరువుకు ‘నోక్కుకూలి’ వసూలు చేసే దురాచారం పెరిగి, 2018 మే 1 నుంచి ప్రభుత్వమే దానిని రద్దు చేయవలసి వచ్చింది. మహారాష్ట్రలోనూ మాథాడి పేరు చెప్పి డబ్బు గుంజే నకిలీ ముఠాలపై ఫిర్యాదులు ఉన్నవి. యంత్రంతో ఎత్తే చోట మనిషి ఎత్తినట్లు డబ్బు అడగరాదని నిబంధనలలో మొదటనే వ్రాసుకొనవలెను. సిమెంటు కర్మాగారాలలో యంత్రాలతో ఎగుమతి పెరిగి ముఠా పని ఎట్లాగూ తగ్గుతున్నది. బోర్డు దానిని ఆపజాలదు, ఆపరాదు కూడా. ఉన్న పేర్ల జాబితా బోర్డు దగ్గర ఉంటే, పని పోయేది ఎవరికో, వారికి ఏమి చేయాలో కనీసం తెలుస్తుంది.

షెడ్డు సంగతి మరొకటి. చిన్న స్టేషన్లలో గూడ్సు షెడ్లను ప్రైవేటువారు అభివృద్ధి చేయవచ్చునని రైల్వే 2020 అక్టోబరులో విధానం ప్రకటించింది. ప్లాట్‌ఫారం, దారి, కప్పుతో పాటు కూలీలకు నీడ, త్రాగునీరు, స్నానపు వసతి అందులో పేర్కొన్నారు. పెట్టుబడి పెట్టినవారికి టెర్మినల్ చార్జీలో వాటా కూడా ఉన్నది. సిమెంటు, మిర్చి వర్తకులు కలిసి ఆలోచించదగిన పథకమిది. మే నెల ఎండలో పలక కాలితే జట్టు వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే డెమరేజి కట్టేది వర్తకుడే.

డబ్బు ఎక్కడి నుంచి అన్న ప్రశ్నకు కూడా లెక్క ఉన్నది. బస్తాకు ఒక రూపాయి లెవీ అనుకుంటే పై లెక్కలోని రేక్‌కు 48 వేల రూపాయలు. మిర్చి ధర పడిపోయిన 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం క్రింద క్వింటాలుకు రూ. 11,781 ధర ఖరారు చేసింది. అదే లెక్కన క్వింటాలుకు పడేది రెండు రూపాయలు. దానిని రైతు పట్టీలో కోయకుండా కొనుగోలుదారు వైపు వేయడం ఎట్లా అన్నది మార్కెట్ కమిటీలు, చాంబర్లు కూర్చుని తేల్చుకొనవలసిన విషయం. రెండవ లైను మీద బండ్లు పెరగకముందే ఆ సమావేశం జరిగితే మేలు.