తీరానికి చోటు లేని సముద్ర సహకారం

2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో బంగాళాఖాత ప్రాంత కూటమి బిమ్స్‌టెక్ దేశాల నేతలు సమావేశమైనప్పుడు సముద్ర రవాణా సహకార ఒప్పందంపై సంతకాలు జరిగాయి. జులైలో ఆ కూటమి ఓడరేవుల సదస్సు విశాఖపట్నంలో జరిగింది. 2019 నవంబరులో జరిగిన తొలి సదస్సుకూ విశాఖే వేదిక. అక్కడి నుంచి శ్రీకాకుళం జిల్లాలోని ఆమదాలవలస రైల్లో రెండు మూడు గంటల దూరం. అయినా ఆ ఒప్పందంలో ఏముందో, దానివల్ల కళింగపట్నం మత్స్యకారుడికి, పొందూరు చుట్టుపక్కల గోగు రైతుకి, పలాస జీడిపప్పు వ్యాపారికి ఒరిగేదేమిటో ఇక్కడ చెప్పినవారు లేరు. తెలుసుకోవాలన్న ఆసక్తి జనానికి లేక కాదు. ఈ సహకారానికి రాజధానుల్లో కుర్చీలున్నాయి, ఓడరేవు సంస్థలకు కుర్చీలున్నాయి, తీర జిల్లాలకు మాత్రం లేవు. బంగాళాఖాత సహకారం మూడు దశాబ్దాలుగా నడక నేర్వకపోవడానికి ముఖ్యమైన కారణం ఇదేనని నా నమ్మకం.

ఈ తీరానికి సముద్ర వ్యాపారం కొత్త కాదు. సువర్ణభూమికి వెళ్లే ఓడలు తూర్పుతీరాన్ని విడిచి నడిసముద్రంలోకి మళ్లే చోటు పలూరా సమీపంలో ఉందని రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన టోలెమీ రాశాడు. నేటి గంజాం జిల్లా పాలూరే అదని చాలామంది పండితుల అభిప్రాయం. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలు, నది సముద్రంలో కలిసే చోట కళింగపట్నం ఆ కాలపు రాకపోకలకు సాక్ష్యం. ఆంగ్లేయుల హయాంలో బారువ, కళింగపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి ఆవిరి ఓడలు మన కూలీలను రంగూన్ చేర్చేవి. కరవు వచ్చినా, అప్పు పెరిగినా ‘రంగం’ వెళ్లడం ఈ జిల్లాల్లో ఇంటింటి సంగతి.

ఆ రాకపోకల వెనుక ఓడల కంపెనీలు, మేస్త్రీలు, బియ్యం మిల్లులు ఉన్నాయి కానీ కూలీకి అండగా నిలిచే సంస్థ ఒక్కటీ లేదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మీయులను పనిలోకి దించి, సమ్మె తీరగానే వారిని తీసేసి పాతవారిని పిలిచారు. ఆ చిచ్చు అల్లర్లుగా మారి వందమందికి పైగా ప్రాణాలు పోయాయి. 1942లో జపాన్ సేనలు వచ్చిపడ్డప్పుడు వేలాది తెలుగువారు అడవులు, కొండలు దాటుతూ కాలినడకన తిరిగొచ్చారు. విశాఖలోని బర్మా క్యాంపు బర్మా నుంచి తిరిగొచ్చినవారి పేరుతోనే నేటికీ ఉంది. సంస్థలు లేని సముద్ర సంబంధం బలవంతుడికి లాభం, బలహీనుడికి ప్రమాదం. ఈ పాఠాన్ని మన పెద్దలు ప్రాణాలొడ్డి నేర్చుకున్నారు.

మధ్యధరా చెప్పే పాఠం

సముద్రం చుట్టూ సంస్థలు కట్టుకోవడంలో మధ్యధరా ప్రాంతం ప్రపంచంలో ముందు వరసలో నడిచింది. 1975లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం చొరవతో మధ్యధరా కార్యాచరణ ప్రణాళిక మొదలైంది. మరుసటి ఏడాది సముద్ర కాలుష్యాన్ని అరికట్టే బార్సిలోనా ఒడంబడిక కుదిరింది. ఆ సమయం గుర్తుంచుకోవాలి. 1973 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధపు గాయాలు పచ్చిగానే ఉన్నాయి. 1974లో సైప్రస్ విషయంలో గ్రీసు, టర్కీ యుద్ధం అంచుదాకా వెళ్లాయి. అయినా ఈ దేశాలన్నీ ఒకే బల్ల ముందు కూర్చున్నాయి. చమురు తెట్టు సరిహద్దు చూసి ఆగదని అందరికీ తెలుసు కనుక కూర్చున్నాయి.

1995 నవంబరులో బార్సిలోనా ప్రకటనతో ఐరోపా సమాఖ్య, దక్షిణ తీర దేశాలు ఆర్థిక భాగస్వామ్యానికి దిగాయి. 2008 జులైలో పారిస్‌లో మధ్యధరా యూనియన్ ఏర్పడింది. ఇందులో 43 సభ్యదేశాలు, బార్సిలోనాలో శాశ్వత సచివాలయం ఉన్నాయి. దాని పని తీరు గమనించదగ్గది. ఒక ప్రాజెక్టుకు సభ్యదేశాలన్నీ ఆమోదముద్ర వేశాక సచివాలయం దానికి నిధులిచ్చే బ్యాంకులను వెతికిపెడుతుంది. అప్పులిచ్చేందుకు ఐరోపా పెట్టుబడి బ్యాంకు ఉంది. అరబ్ దేశాల్లో ప్రజా ఉద్యమాలు చెలరేగాక 2012లో ఐరోపా పునర్నిర్మాణ, అభివృద్ధి బ్యాంకు కూడా ఈజిప్టు, మొరాకో, ట్యునీసియా, జోర్డాన్‌లలో అడుగుపెట్టింది. ఈజిప్టు, జోర్డాన్, మొరాకో, ట్యునీసియాలు 2004లో తమలో తాము అగాదిర్ ఒప్పందం చేసుకున్నాయి. 1982 నుంచే మధ్యధరా వాణిజ్య మండళ్లకు ఒక సంఘం ఉంది. మనకు ముఖ్యమైనది మరొకటి: 2010లో మొదలైన ప్రాంతీయ, స్థానిక ప్రతినిధుల సభ. మేయర్లు, ప్రాంతీయ పాలకులు అందులో సభ్యులు. నీరు, చెత్త, వలస, చిన్న రేవుల సంగతులు అక్కడ మాట్లాడేది విదేశాంగ శాఖవారు కాదు, ఆ ఊళ్ల ప్రతినిధులే.

అక్కడంతా సవ్యంగా ఉందనలేం. 2010లో బార్సిలోనాలో జరగాల్సిన రెండో శిఖరాగ్ర సమావేశం పాలస్తీనా వివాదంతో వాయిదాపడి, చివరకు జరగనే లేదు. అల్జీరియా-మొరాకో భూ సరిహద్దు 1994 నుంచి మూసే ఉంది. దక్షిణ తీర దేశాలు ఐరోపాతో చేసే వ్యాపారంతో పోలిస్తే ఇరుగుపొరుగు మధ్య జరిగేది చాలా తక్కువ. అంటే నేతల కరచాలనాల మీద నిలబెట్టింది నేతల కోపతాపాలతోనే ఆగిపోయింది. కాలుష్య నియంత్రణ, రుణాల మంజూరు, స్థానిక సభలు, వాణిజ్య సంఘాలు మాత్రం యుద్ధాల మధ్య కూడా పనిచేశాయి. వాటికి కార్యాలయం, నిధి, నిత్యం తలకెత్తుకునే పని ఉండటమే తేడా.

మన లెక్క

బిమ్స్‌టెక్ 1997 జూన్‌లో బ్యాంకాక్‌లో పుట్టింది. భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక, థాయిలాండ్ మొదటి సభ్యులు. అదే ఏడాది మయన్మార్, 2004లో నేపాల్, భూటాన్ చేరాయి. సచివాలయం ఢాకాలో 2014లో తెరుచుకుంది. అంటే పుట్టిన పదిహేడేళ్లకు. నిబంధనావళిపై 2022లో కొలంబోలో సంతకాలు జరిగితే, అది అమల్లోకి వచ్చింది 2024 మే నెలలో. తొలి 28 ఏళ్లలో జరిగిన శిఖరాగ్ర సమావేశాలు ఆరు. 2004లో సంతకం చేసిన స్వేచ్ఛా వాణిజ్య చట్ర ఒప్పందం నేటికీ పూర్తి ఒప్పందం కాలేదు. అభివృద్ధి నిధి సంగతి పరిశీలిస్తామని 2018లో కాఠ్మాండూలో ప్రకటించారు. ఈ వరసలో రాజకీయం ఉంది, ప్రకటనలున్నాయి, నిధి లేదు. తీర ప్రాంతాల గొంతు అసలే లేదు.

ఆ గొంతు లేకపోతే ఏమవుతుందో గోగునార చెబుతుంది. శ్రీకాకుళం, విజయనగరం మెట్ట భూముల్లో తరతరాలుగా పండే పంట అది. పూత దశలో కోసి, కట్టలు కట్టి చెరువులో ముంచి, పైన బరువులు పెట్టి రెండు మూడు వారాలు ఊరవేస్తారు. తర్వాత నడుములోతు మురుగు నీటిలో నిలబడి నార ఒలుస్తారు. ఆ వాసన చేతుల్ని, బట్టల్ని ఓ పట్టాన వదలదు. చెరువులు ఎండినా, కూలి దొరక్కపోయినా పంట వదిలేయాల్సిందే. అందుకే సాగు ఏటికేడు కుంగింది. ఆ నారను వాడే నెల్లిమర్ల జూట్ మిల్లు ఎన్నిసార్లు లాకౌట్ అయిందో ఆ కార్మికుల కుటుంబాలకు తెలుసు. బంగ్లాదేశ్, నేపాల్ నుంచి చవకగా వచ్చే జనపనార సరుకు మీద కేంద్రం 2017 జనవరిలో యాంటీ డంపింగ్ సుంకం వేసి, ఐదేళ్ల తర్వాత పొడిగించింది. 2025 జూన్‌లో బంగ్లాదేశ్ జనపనార ఉత్పత్తులు భూ సరిహద్దుల గుండా రాకూడదని, ముంబయి పక్కనున్న నవా షెవా రేవు నుంచే రావాలని ఆదేశించింది. బంగాళాఖాతం ఒడ్డున పండిన నార అదే ఖాతం ఒడ్డున ఉన్న మిల్లుకు చేరాలంటే దక్షిణ భారతాన్ని చుట్టి అరేబియా సముద్రంలోకి వెళ్లిరావాలన్నమాట.

రైతును కాపాడాలన్న ఉద్దేశం సరైనదే. నేను దాన్ని తప్పుపట్టను. కానీ సుంకం వేసిన ఇన్నేళ్లలో గోగు రైతుల్లో నార ఒలిచే యంత్రం, నీరు తక్కువ పట్టే ఊరవేత పద్ధతి, మేలిరకం విత్తనం ఎంతమందికి అందాయి? గోడ కట్టాం, గోడ లోపల ఇల్లు బాగుచేసుకోలేదు. ట్యునీసియా 1995లో ఐరోపా సమాఖ్యతో ఒప్పందం చేసుకున్నప్పుడు సుంకాలను ఒక్కసారిగా ఎత్తేయలేదు. పన్నెండేళ్ల గడువు పెట్టుకుని, ఈలోగా చిన్న కర్మాగారాలు యంత్రాలు మార్చుకోవడానికి, నైపుణ్యం పెంచుకోవడానికి ఐరోపా సాయంతో ప్రత్యేక కార్యక్రమం నడిపింది. అందులో లోపాలున్నా, పోటీకి దించేముందు మనిషిని సిద్ధం చేయాలన్న సూత్రం మనకు కావాలి. జనపనార మీద ఢాకా, దిల్లీ మాట్లాడుకునేటప్పుడు నెల్లిమర్ల కార్మికుడు, పొందూరు రైతు ఆ గదిలో ఉంటేనే ఆ సూత్రం ఒప్పందంలోకి వస్తుంది.

మత్స్యకారుల బతుకు మరీ దయనీయం. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. పెద్ద పడవలు కట్టే రేవు లేక ఇక్కడి యువకులు శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో సంచులు భుజాన వేసుకుని రైలెక్కి, గుజరాత్‌లోని వేరావల్ చేరి పరుల బోట్లలో కూలికి వేట చేస్తున్నారు. 2018 నవంబరులో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్థాన్ పట్టుకెళ్లింది. వారిలో 20 మంది విడుదలై వాఘా దాటింది 2020 జనవరిలో. 2025లో విజయనగరం జిల్లా మత్స్యకారులు బంగ్లాదేశ్ జలాల్లో చిక్కి ఆ దేశ అధికారుల చేతిలో పడ్డారు. ప్రతిసారీ అదే తంతు: కుటుంబాల ఏడుపు, కలెక్టరుకు వినతిపత్రం, దిల్లీకి ఉత్తరం, నెలల ఎదురుచూపు. చెన్నైలో 2003 నుంచి బంగాళాఖాత కార్యక్రమం అనే అంతర్‌ప్రభుత్వ మత్స్య సంస్థ ఉంది. భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు సభ్యులు. దారితప్పిన పడవను నిర్ణీత గడువులో తిప్పి పంపే నియమం రాసుకోవడం వేదిక లేక కాదు, ఒత్తిడి లేక ఆగింది.

కుదరదనేవారికి జవాబు

ఇంత వైరుధ్యాల మధ్య సహకారం సాధ్యమేనా అని కొందరంటారు. 2021 సైనిక కుట్ర తర్వాత మయన్మార్ అంతర్యుద్ధంలో ఉంది. 2024 ఆగస్టులో బంగ్లాదేశ్‌లో ప్రభుత్వం కూలిన తర్వాత ఢాకాతో మన సంబంధాలు దెబ్బతిన్నాయి. ఈ అభ్యంతరం తేలిగ్గా కొట్టేయదగింది కాదు. కానీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసిన తుపానుకు ‘తిత్లీ’ అని పేరు ఇచ్చింది పాకిస్థాన్. 1972 నుంచి ఐక్యరాజ్యసమితి అండతో పనిచేస్తున్న తుపానుల మండలిలో భారత్, పాకిస్థాన్, బంగ్లాదేశ్, మయన్మార్ కలిసి కూర్చుంటాయి. దిల్లీ వాతావరణ కేంద్రం ఆ దేశాలన్నింటికీ హెచ్చరికలు పంపుతుంది. సరిహద్దులో కాల్పులు జరిగినా ఆ హెచ్చరికలు ఆగలేదు. మధ్యధరా చెప్పిన మాటనే మన తుపానులూ చెబుతున్నాయి: పని ఉమ్మడిదైతే, దానికి ఒక కార్యాలయం, బాధ్యుడు ఉంటే, రాజకీయం దాన్ని ఆపలేదు.

విదేశాంగం కేంద్రం పరిధి కదా, రాష్ట్రానికేం పని అనేవారూ ఉన్నారు. ఒప్పందంపై సంతకం కేంద్రానిదే. ఒప్పందంలో ఏముండాలో చెప్పే హక్కు తీరానిది. పెద్ద ఓడరేవులు మినహా మిగతా రేవులు, తీర జలాల్లో చేపల వేట, సాగు, చిన్న పరిశ్రమలు రాష్ట్రం చేతిలోని విషయాలే. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేసిన పోర్టుకు ఊళ్లు, భూములు ఇచ్చింది ఈ జిల్లా ప్రజలే. ఆ రేవు బొగ్గు, ఖనిజాలు దించి ఎత్తే చోటుగా మిగిలితే వారికి దక్కేది దుమ్మే. ఆఫ్రికా దేశాల నుంచి పలాస యూనిట్లకు వచ్చే జీడిపిక్కలు అక్కడ దిగాలి. పొందూరు ఖద్దరు, బుడితి ఇత్తడి సామాను, ఉద్దానం పంటలు చట్టోగ్రామ్‌కు, కొలంబోకు, యాంగోన్‌కు అక్కడి నుంచి వెళ్లాలి. చిన్న సరుకుకు చోటు, చిన్న వ్యాపారికి గోదాము, స్థానికులకు ఉద్యోగాల్లో వాటా ఇప్పుడే రాసుకోకపోతే తర్వాత అడిగినా దొరకదు.

బిమ్స్‌టెక్ అధ్యక్ష బాధ్యత ఇప్పుడు బంగ్లాదేశ్‌ది. తర్వాతి శిఖరాగ్ర సమావేశానికి ముందే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాలుగు ప్రతిపాదనలు కేంద్రం ముందు పెట్టాలి. ఒకటి, మధ్యధరాలో ఉన్నట్టు తీర జిల్లాల, పురపాలక సంఘాల ప్రతినిధుల సభ, దానికి విశాఖలో శాశ్వత కార్యాలయం. రెండు సదస్సులు నిర్వహించిన నగరానికి అది న్యాయంగా దక్కాల్సిందే. రెండు, దారితప్పిన మత్స్యకారులను గడువులోపు అప్పగించే నియమం. మూడు, గోగు, జనపనార రైతులకు, మిల్లులకు యంత్రాలు సమకూర్చే ఉమ్మడి నిధి. సుంకం ద్వారా వచ్చే రాబడిలో కొంత అందులోకి మళ్లించాలి. నాలుగు, బుడగట్లపాలెం ఫిషింగ్ హార్బర్, మంచినీళ్లపేట జెట్టీ పూర్తిచేయడం. దీనికి ఏ దేశం అనుమతీ అక్కర్లేదు. ఉత్తరాంధ్ర ఎంపీలు పార్టీలకు అతీతంగా ఈ నాలుగింటినీ పార్లమెంటులో అడగాలి, శ్రీకాకుళం, విజయనగరం వాణిజ్య మండళ్లు, మత్స్యకార సంఘాలు, రైతు సంఘాలు వారిని అడిగించాలి.