బస్సు రాదని కూలికి చెప్పేదెవరు?

పత్తి విత్తనపు చేలల్లో క్రాసింగు పని పొద్దుటిపూట పని. పువ్వు విచ్చిన వేళకే పుప్పొడి రుద్దాలి, ఎండ ముదిరితే పని చెడుతుంది. ఆ రోజుల్లో వడ్డేపల్లి, శాంతినగర్, రాజోలి వైపు కూలివాళ్ళకు, ముఖ్యంగా ఆడకూలీలకు, తెల్లవారి దొరికే బండే బతుకుదెరువు. బస్సు అరగంట ఆలస్యమైతే ముఠా వెళ్ళిపోతుంది. అసలు రాకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. కాదంటే ఆటోలో ఒకరి మీద ఒకరు కూర్చుని, ప్రాణాలు అరచేత పెట్టుకుని పోవాలి. మరి, రేపు బస్సు రాదన్న సంగతి ఆమెకు ఈ రాత్రే చెప్పేదెవరు?

చెబుతూనే ఉన్నామంటుంది ఆర్.టి.సి. యాజమాన్యం. బస్సు ఎక్కడుందో సెల్‌ఫోనులో చూపించే ‘గమ్యం’ యాప్‌ను 2023 ఆగస్టులో తెచ్చింది. సామాజిక మాధ్యమాల్లో ప్రకటనలు చేస్తోంది. డిపో మేనేజరే ఫోనెత్తి ప్రయాణికులతో మాట్లాడే ‘డయల్ యువర్ డి.ఎం.’ కార్యక్రమాలూ పెడుతున్నారు. వీటిని మేము కాదనడం లేదు. కానీ మీటల ఫోను పట్టుకున్న కూలికి యాప్ దేనికి పనికొస్తుంది? మేనేజరు ఫోను దగ్గర కూర్చునే వేళకు ఆమె చేలో నడుం వంచి ఉంటుంది. చెప్పామనుకోవడం వేరు, చెప్పింది అందడం వేరు.

ఈ తేడా ఎంత నష్టం చేస్తుందో తుంగభద్ర దాటేటప్పుడు తెలుస్తుంది. ఆస్పత్రికైనా, అంగడికైనా ఈ ప్రాంతం వారికి కర్నూలు దగ్గరి పట్నం. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలైంది. అది మన సంస్థ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, అదీ రాష్ట్ర సరిహద్దు దాకానే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ‘స్త్రీశక్తి’ మొదలైంది. రాష్ట్రాల మధ్య తిరిగే బస్సులకు అది వర్తించదని అక్కడి ప్రభుత్వం చెప్పింది. ఏ బస్సులో ఎక్కడిదాకా ఉచితం, ఎక్కడినుంచి టిక్కెట్టు అన్నది ఊళ్ళో ముందుగా ఎవరూ విడమరచకపోతే ఏమవుతుంది? బస్సులో కండక్టరుకూ కూలి తల్లికీ తగాదా అవుతుంది. ఇద్దరూ శ్రమజీవులే, తప్పు ఇద్దరిదీ కాదు. 2019లో 52 రోజులు సమ్మె చేసిన కార్మికుణ్ణి ఈ తిట్లకు ఎర వేసి, పైవాళ్ళు చల్లగా కూర్చోవడం న్యాయమా?

చట్టం మన పక్షానే ఉంది. సమర్థమైన, చాలినంత, చవకైన రవాణా కల్పించడం కార్పొరేషన్ల విధి అని 1950 నాటి రోడ్డు రవాణా కార్పొరేషన్ల చట్టం 18వ సెక్షను చెబుతుంది. సలహా మండళ్ళ ఏర్పాటు మాట 17వ సెక్షనులోనే ఉంది. పల్లెల ప్రజలతో, సర్పంచులతో సంబంధం పెట్టుకునేందుకు ‘గ్రామ బస్సు అధికారులు’ ఉంటారని 2023లో సంస్థే ప్రకటించింది. మరి మీ ఊరి బస్సు అధికారి ఎవరో మీకు తెలుసా? తెలియకపోతే ఆ ప్రకటన కాగితం మీదనే మిగిలిందన్నమాట.

మేము గొంతెమ్మ కోర్కెలు కోరడం లేదు. ప్రతి ఊరి రచ్చకట్ట దగ్గర, పంచాయతీ గోడ మీద బస్సు వేళలు పెద్ద అక్షరాలతో రాయాలి. దాని కిందే బస్సు అధికారి పేరు, ఫోను నంబరు ఉండాలి. బస్సు రద్దయితే ముందురోజు సాయంత్రమే దండోరా వేయించాలి. వేళ మార్చాలంటే గ్రామసభలో కూలివాళ్ళను అడిగి మార్చాలి. క్రాసింగు, మిరపకోత రోజుల్లో పని వేళకు తగ్గట్టు బస్సు నడపాలి. అర్జీ ఇస్తే రాతపూర్వకంగా జవాబివ్వాలి. గోడమీద రాతకూ దండోరాకూ కోట్లు అక్కర్లేదు, కూలివాడు కూడా ప్రయాణికుడేనన్న గుర్తింపు ఉంటే చాలు.

సంఘాల కార్యకర్తలు చేయవలసిన పని కూడా ఉంది. ఎన్ని రోజులు బస్సు రాలేదో, ఎంతమంది కూలి పోయిందో తేదీలవారీగా పుస్తకంలో రాయండి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. అందులో తీర్మానం పెట్టించి గద్వాల డిపోకు పంపండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి, ముప్పై రోజుల్లో చెప్పక తప్పదు. డ్రైవర్లను, కండక్టర్లను కలుపుకొని పొండి, వాళ్ళు మనవాళ్ళే.

పొద్దు పొడవకముందే సద్దిమూట కట్టుకుని రోడ్డుమీద నిలబడిన మనిషికి, బస్సు వస్తుందో రాదో తెలుసుకునే హక్కు ఉంది. ఆ ఒక్క మాట చెప్పడం దయాధర్మం కాదు, సంస్థ బాధ్యత. చెప్పేదాకా అడుగుదాం, అందరం కలిసి అడుగుదాం.