డ్రైవింగ్ పరీక్షకు ముందు ఒంటికి పరీక్ష

ప్రశ్న: నా వయసు 42 ఏళ్ళు. ఉపాధ్యాయినిగా పనిచేస్తున్నాను. రెండు నెలలుగా కారు నేర్చుకుంటున్నాను. ఖాళీ రోడ్డు మీద బాగానే నడుపుతాను. కానీ పరీక్షకు వెళ్ళి, ఇన్‌స్పెక్టరు గారు చూస్తున్నారనేసరికి గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, క్లచ్ మీద ఎడమకాలు గజగజ వణుకుతుంది. బండి ఆగిపోయి రెండుసార్లు పరీక్ష తప్పాను. "ధైర్యానికి ఒక బిళ్ళ వేసుకుని వెళ్ళు వదినా" అంటోంది మా ఆడబిడ్డ. వేసుకోవచ్చా? ఇది గుండె జబ్బేమో అని కూడా భయంగా ఉంది.
— ఒక సోదరి, తిరుపతి

జవాబు: మీరు రాసిన లక్షణాలు పరీక్షప్పుడు మాత్రమే వచ్చి, తర్వాత పూర్తిగా తగ్గిపోతూంటే అది గుండె జబ్బు కాకపోవచ్చు. భయం కలిగినప్పుడు మన శరీరంలో అడ్రినలిన్ అనే హార్మోన్ ఎక్కువగా విడుదల అవుతుంది. పులి ఎదురైతే పరుగెత్తడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, చేతులు చెమర్చుతాయి, లాలాజలం తగ్గుతుంది. పరుగెత్తడానికి ఇవన్నీ పనికివస్తాయి. కానీ క్లచ్‌ను నెమ్మదిగా వదలాల్సిన కాలికి ఇదే శత్రువు. బిగిసిన కాలు క్లచ్‌ను ఒక్కసారిగా వదిలేస్తుంది, ఇంజను ఆగిపోతుంది. మీకు నడపడం రాక కాదు, మీ కాలు మీ మాట వినక!

అయితే ఊరికే కూర్చున్నప్పుడు కూడా దడ వస్తున్నా, మెట్లెక్కితే ఆయాసం ఉన్నా, ఛాతీలో నొప్పి, బరువు తగ్గడం, చేతులు ఎప్పుడూ వణకడం ఉన్నా సంగతి వేరు. రక్తహీనత, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం మీ వయసు స్త్రీలలో దడకు తరచూ కనిపించే కారణాలు. రక్తపరీక్షలతో, ఒక ఇ.సి.జి.తో సంగతి తెలిసిపోతుంది. నలభై దాటినవారు డాక్టరు చేత ఫారం 1-ఎ అనే ధ్రువపత్రం రాయించుకోవాలి కదా. మీరూ రాయించుకునే ఉంటారు. అప్పుడు సంతకంతో సరిపెట్టుకున్నారా, మీ రక్తపోటు ఎంతుందో అడిగి తెలుసుకున్నారా? లేకపోతే ఇప్పుడైనా చూపించుకోండి.

బిళ్ళ సంగతి

మీ ఆడబిడ్డ మంచి మనసుతో చెప్పినా ఆ సలహా మంచిది కాదు. ఆందోళన తగ్గించే బిళ్ళలు, నిద్రమాత్రలు మెదడును మందగింపజేస్తాయి. భయంతో పాటు చురుకుదనం కూడా పోతుంది. కాలు బ్రేకు మీదికి రావడం ఆలస్యమవుతుంది. గుండె దడ తగ్గించే ప్రొప్రనలాల్ వంటి మందులు ఉన్నాయి. కానీ ఉబ్బసం ఉన్నవారికి అవి ప్రమాదకరం. డాక్టరు రాయకుండా వాటిని వాడకూడదు.

జలుబుకు, దురదకు వేసుకునే అవిల్ వంటి బిళ్ళలు, కొన్ని దగ్గు మందులు, వాంతులకు వాడే ఫెనర్గన్ కూడా నిద్ర మత్తు తెస్తాయి. కొండకు వెళ్ళే దారిలో కడుపులో తిప్పుతుందని ముందే ఒక బిళ్ళ మింగే అలవాటు మన ప్రాంతంలో చాలామందికి ఉంది. బస్సులో కూర్చునేవారికి ఫరవాలేదు. స్టీరింగు పట్టేవారికి మాత్రం పనికిరాదు. "ధైర్యానికి" ఒక గుక్క సారా, బ్రాందీ వేసుకునే మగవారికీ ఇదే మాట. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు మించితే చట్టరీత్యా నేరం. అంతకంటే తక్కువ ఉన్నా చేతికీ కంటికీ పొత్తు తప్పుతుంది.

మరి భయానికి మందు ఏమిటి? ఊపిరే మందు. లోపల నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చండి. ఆరు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. వదిలే సమయం ఎక్కువ ఉండడం ముఖ్యం. అప్పుడే గుండె వేగం తగ్గుతుంది. పరీక్షరోజే మొదలుపెడితే ఫలితం ఉండదు. రోజూ పడుకునే ముందు అయిదు నిమిషాల చొప్పున రెండు వారాలు చేసి అలవాటు చేసుకోండి.

అలవాటే సగం బలం

ఎల్.ఎల్.ఆర్. తీసుకున్నాక కనీసం ముప్పై రోజులు గడిస్తేనే పరీక్షకు రానిస్తారు. దీన్ని ఉత్త నిబంధన అనుకోకండి. కాళ్ళూ చేతులూ ఒక పని నేర్చుకోవడానికి నిద్ర అవసరం. పగలు చేసిన అభ్యాసం మెదడులో స్థిరపడేది నిద్రలోనే. అందుకని ఆదివారం నాలుగు గంటలు నడపడం కంటే, రోజూ ముప్పావుగంట నడిపి రాత్రి ఏడు గంటలు నిద్రపోవడం మేలు. పరీక్ష ముందురోజు అర్ధరాత్రి దాకా మేలుకోకండి.

ఎవరో చూస్తూంటే వణుకు వస్తోంది కాబట్టి ఎవరో చూస్తూండగానే అభ్యాసం చెయ్యాలి. మీవారినో, మరిదినో, పక్కింటి పెద్దమనిషినో పక్కన కూర్చోబెట్టుకుని, "వెనక్కి తీయండి", "ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించండి" అని ఆజ్ఞాపించమనండి. ఎత్తు మీద హ్యాండ్ బ్రేకు వేసి, క్లచ్ సగం వదిలి, బండి వెనక్కి జారకుండా ముందుకు తీయడం మన జిల్లాల వాళ్ళకు తప్పనిసరిగా రావలసిన విద్య. మొగిలి కనుమ, భాకరాపేట కనుమ ఎక్కవలసినవాళ్ళం కదా!

ఇంకొక మాట. పరీక్ష తప్పినవారు ఏడు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళవచ్చు. మూడుసార్లూ తప్పితే మాత్రం అరవై రోజులు ఆగాలి. మీరు రెండుసార్లు తప్పారు. కాబట్టి వారం కాగానే పరుగెత్తకండి. మీ ఎల్.ఎల్.ఆర్. గడువు ఆరు నెలలు. అది దాటకుండా చూసుకుంటూ, ఇంకో మూడు వారాలు తీరికగా అభ్యాసం చేసి వెళ్ళండి.

కళ్ళు

నలభై దాటాక చత్వారం వస్తుంది. దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. చాలామంది చదువుకునే అద్దాలు పెట్టుకునే బండి ఎక్కుతారు. వాటిలోంచి దూరం మసకగా కనిపిస్తుంది. దూరానికీ దగ్గరికీ కలిపి ఉండే అద్దాలైతే, కొత్తవి పెట్టుకున్న వారం రోజుల దాకా నేల ఎత్తుపల్లాలు తేడాగా తోస్తాయి. అందుకని పరీక్షకు ముందురోజు కొత్త కళ్ళద్దాలు పెట్టుకోకండి. ఒక నెల ముందే తీసుకోండి.

పగటి వెలుగులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు ఒక్కొక్క కంటితో విడిగా గుర్తుపట్టగలరా అని దరఖాస్తు ఫారంలో ఒక ప్రశ్న ఉంది. "గుర్తుపట్టగలను" అని రాసేముందు నిజంగా చూసుకున్నవారు ఎందరు? ఇంటి ముందు ఆగిన కారు నుంచి మామూలు అంగలతో ముప్పై అయిదు అంగలు లెక్కపెట్టండి. అరచేత్తో ఒక కన్ను నొక్కకుండా మూసి, రెండో కంటితో నంబరు చదవండి. తర్వాత కన్ను మార్చండి. ఒక కన్ను మందగించినా రెండు కళ్ళతో చూసినప్పుడు మనకు తెలియదు. ఈ చిన్న పరీక్షలో బయటపడుతుంది. చదవలేకపోతే కంటి డాక్టరును చూడండి. తిరుపతి రుయా ఆస్పత్రిలో కళ్ళ విభాగం ఉండనే ఉంది.

ఆ రోజు ఉదయం

ఖాళీ కడుపుతో వెళ్ళకండి. పెరటాసి నెలలో శనివారాలు ఒక్కపొద్దు ఉండే ఇళ్ళు మనవైపు ఎక్కువ. పరీక్షకు తేదీ తీసుకునేటప్పుడే ఒక్కపొద్దు లేని రోజు చూసుకోండి. స్వామికి కోపం రాదు. అలాగని కడుపు నిండా సంగటి తిని వెళ్ళినా మగతగా ఉంటుంది. రెండు ఇడ్లీలో, చిన్న గ్లాసు రాగి అంబలో చాలు. కాఫీ అలవాటున్నవారు ఒకటే తాగండి. రెండోది దడను పెంచుతుంది. వేసవిలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వరుసలో నిలబడి ఒళ్ళు ఎండిపోతే తల తిరుగుతుంది. మజ్జిగో, నీళ్ళో వెంట తీసుకెళ్ళండి.

సీటు సంగతి మరవకండి. క్లచ్ పూర్తిగా నొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలి. కాలు పూర్తిగా చాపవలసివస్తే వణుకు ఎక్కువవుతుంది. పొట్టిగా ఉన్నవారు వీపు వెనక గట్టి దిండు పెట్టుకోవచ్చు. హవాయి చెప్పులు పెడలు మీద జారుతాయి. మడమకు పట్టీ ఉన్న చెప్పులు గానీ బూట్లు గానీ వేసుకోండి. స్కూటరు పరీక్షకు వెళ్ళే అమ్మాయిలు చున్నీని వెనక్కి ముడివేసి, కొసలు లోపలికి దోపుకోవాలి. చున్నీ చక్రంలో చుట్టుకుని మెడకు బిగుసుకున్న ప్రమాదాలు ఎన్నో ఉన్నాయి. ఎనిమిది అంకె వేసేటప్పుడు ముందు చక్రం వైపు చూడకండి. వెళ్ళవలసిన వైపు చూడండి. కన్ను ఎటు చూస్తే ఒళ్ళు అటు తూగుతుంది.

ప్రశ్న: నాకు మధుమేహం. ఇన్సులిన్ వేసుకుంటాను. వయసు 50. స్కూటరు పరీక్షకు వెళ్ళవచ్చా?
— ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: చక్కెర అదుపులో ఉంటే, మీ డాక్టరు సరే అంటే వెళ్ళవచ్చు. అయితే చెమట, వణుకు, దడ భయం వల్లా వస్తాయి, రక్తంలో చక్కెర పడిపోయినా వస్తాయి. మీరు మొదటిదే అనుకుని ఊరుకుంటే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఇన్సులిన్ వేసుకుని టిఫిను మానకండి. బయలుదేరేముందు గ్లూకోమీటరుతో చూసుకోండి. జేబులో గ్లూకోజు పొట్లం ఉంచుకోండి. వణుకు మొదలైతే బండి దిగి ముందు అది నోట్లో వేసుకోండి. పావుగంట తర్వాత మళ్ళీ చూసుకోండి. చక్కెర సరిగ్గా ఉందని తేలి, ఒళ్ళు పూర్తిగా కుదుటపడ్డాకే బండి ఎక్కాలి.

ప్రశ్న: నాకు ఎరుపు, ఆకుపచ్చ సరిగా తేడా తెలియవు. లైసెన్సు ఇక రానట్టేనా?
— ఒక విద్యార్థి, మదనపల్లె

జవాబు: నిరాశపడకండి. వర్ణాంధత్వం తల్లి నుంచి కొడుకులకు సంక్రమించే లోపం. దీనికి చికిత్స లేదు. కానీ అందరిలోనూ ఒకే తీవ్రతలో ఉండదు. 2020లో నిబంధనలు మార్చి, స్వల్పంగా, మధ్యస్థంగా ఉన్నవారికి లైసెన్సు ఇవ్వవచ్చన్నారు. తీవ్రంగా ఉంటేనే అభ్యంతరం. కంటి డాక్టరు చేత పరీక్ష చేయించుకుని ధ్రువపత్రం తీసుకోండి. నిలువుగా ఉన్న సిగ్నల్ స్తంభంలో ఎరుపు పైన, ఆకుపచ్చ కింద ఉంటాయన్నది గుర్తుంచుకుంటే రంగు తెలియకపోయినా చోటు తెలుస్తుంది.

ప్రశ్న: నా వయసు 22. పదహారో ఏట ఫిట్స్ వచ్చాయి. మాత్రలు వాడుతున్నాను. చివరిసారి వచ్చి రెండేళ్ళయింది. తిరుమలకు యాత్రికులను తీసుకెళ్ళే టాక్సీ నడపాలని ఉంది. ఫారంలో "ఫిట్స్ లేవు" అని రాస్తే ఎవరికీ తెలియదని స్నేహితులంటున్నారు. పరీక్ష దాకా మాత్రలు కూడా ఆపమంటున్నారు. మత్తుగా ఉంటుందట.
— పేరు, ఊరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: నాయనా, ముందు ఆ మాత్రలు ఆపవద్దు. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ తిరగబెట్టవచ్చు, ఒకదాని వెంట ఒకటి వచ్చి ప్రాణం మీదికి తెస్తాయి. నిద్ర లేకపోవడం కూడా వాటిని రేపుతుంది. యాత్రికుల టాక్సీ అంటే తెల్లవారుజామునే బయలుదేరే పని.

ఫారంలో మొట్టమొదటి ప్రశ్న మూర్ఛ, హఠాత్తుగా స్పృహ తప్పడం గురించే. అది ఎందుకు మొదట ఉందో ఆలోచించు. కొండకు రెండు దారులు. దిగేది 1944లో వేసిన పాత దారి, ఎక్కేది 1974లో వచ్చిన రెండో దారి. ఆ మలుపుల్లో నీకు అర నిమిషం స్పృహ తప్పినా, వెనక సీట్లో పిల్లలతో కూర్చున్న కుటుంబానికి చేయగలిగింది ఏమీ ఉండదు. మాత్రలు వాడుతుండగా ఫిట్స్ రాకపోవడం వేరు, జబ్బు నయం కావడం వేరు. అబద్ధం రాసి పరీక్ష నెగ్గవచ్చు. మలుపు దగ్గర నెగ్గలేవు.

అయితే ఒకటి చెయ్యి. ఫిట్స్ అన్నవన్నీ మూర్ఛ రోగం కావు. ఒకప్పుడు కళ్ళు తిరిగి పడిపోయినదాన్ని కూడా ఫిట్స్ అనేస్తారు. నరాల వైద్య నిపుణుడికి నీ పాత చీటీలన్నీ చూపించు. ఇ.ఇ.జి. తీయించి, నీ జబ్బేమిటో ఆయన తేలుస్తారు. మూర్ఛేనని తేలితే బండి నడిపే పని మానుకోవాలి. స్కూటరు కూడా వద్దు. అది నీ తప్పు కాదు, సిగ్గుపడవలసిందీ కాదు. టాక్సీల వ్యాపారంలో బుకింగులు చూసేవారు, లెక్కలు చూసేవారు కూడా కావాలి. ఇంట్లో పెద్దవాళ్ళతో కూర్చుని మాట్లాడు. వాళ్ళకు తెలియకుండా ఏ ఫారం మీదా సంతకం పెట్టకు.